గ్రీన్ ఛానెల్ నుంచి లెడ్జర్‌కి: పోస్ట్ క్లియరెన్స్ ఆడిట్ ట్రైనింగ్‌కి వెళ్తున్నా, ఏం నేర్చుకుని వెళ్ళాలి?

బ్యాగేజీబాబు

నమస్తే అందరికీ. ఇక్కడ చాలా రోజుల నుంచి చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. కస్టమ్స్‌లో పని. మూడేళ్ళు ఎయిర్‌పోర్టులో గ్రీన్ ఛానెల్ (డ్యూటీ కట్టాల్సిందేమీ లేదనేవాళ్ళు నడిచే దారి) దగ్గర ప్యాసింజర్ బ్యాగేజీ చూశాను. బెల్టు బకిల్లో బంగారం, మిక్సీ మోటార్లో బంగారం, చెప్పు అడుగున పేస్టు, మనిషి నడక చూసి చెప్పే దాకా వచ్చాను. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్లలో తీసుకొచ్చి పోస్ట్ క్లియరెన్స్ ఆడిట్‌లో పడేశారు. ఇక్కడ సరుకే లేదు. ఎప్పుడో డ్యూటీ కట్టి బయటికి వెళ్ళిపోయింది, కొంత వాడేశారు, కొంత అమ్మేశారు. నా బల్ల మీద మిగిలింది కాగితాలు.

పోయిన నెల సీనియర్‌తో కలిసి మొదటిసారి ఒక మెషినరీ పార్టుల కంపెనీకి ప్రెమిసెస్ ఆడిట్‌కి వెళ్ళాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిల్ ఆఫ్ ఎంట్రీ (ఇంపోర్టర్ కస్టమ్స్‌కి ఇచ్చే డిక్లరేషన్) ఒక పక్క, ఇన్వాయిస్ ఒక పక్క పెట్టుకుని టిక్కులు కొట్టాను. సుమారు అరవై చూశాను. అన్నీ పైసాతో సహా కుదిరాయి. సాయంత్రం సీనియర్ అడిగారు ఏం తేలిందని. అన్నీ సరిపోయాయి సర్ అన్నాను. "సరిపోకుండా ఎలా ఉంటాయయ్యా, రెండూ వాళ్ళు ఇచ్చినవే కదా" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా.

వచ్చే నెల పాలసముద్రంలో, మా డిపార్ట్‌మెంట్ అకాడమీలో, ఐదు రోజుల ట్రైనింగ్ ఉంది. ఇంతకు ముందు వేరే చోట రెండు రోజులది ఒకటి అయింది. స్లైడ్ మీద సెక్షన్లు పెట్టి చదివి వినిపించారు, మధ్యలో టీ, సమోసా, సర్టిఫికెట్. అలాంటిదే మళ్ళీ కాకుండా ఉండాలంటే నేను ముందే ఏం చదువుకుని వెళ్ళాలి? అసలు ఈ పనికి మనిషిని ఎలా తయారు చేయాలి? లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఎవరైనా చెప్పండి.

రేవుకాకి

బాబూ, విశాఖలో కస్టమ్స్ బ్రోకర్‌గా పాతికేళ్ళ పైనే అయింది, ఇంపోర్టర్ల తరఫున కాగితాలు వేసేది మేమే, ఇంకా మమ్మల్ని పాత పేరుతో సీహెచ్‌ఏ (కస్టమ్ హౌస్ ఏజెంట్) అనే పిలుస్తారు, అలవాటైపోయింది. నా మాట వింటే ముందు టారిఫ్ (ఏ సరుకు ఏ హెడింగ్‌లోకి వస్తుంది, ఎంత డ్యూటీ అని చెప్పే పట్టిక) చదవండి. చాప్టర్ నోట్సు, సబ్ హెడింగ్ నోట్సు. డ్యూటీ రేటు పట్టుకుని వెనక్కి హెడింగ్ వెతకడం కాదు, నోట్సు నుంచి ముందుకి రావాలి.

బొగ్గు సంగతి మీకు తెలిసే ఉంటుంది, అప్పటికి మీరు ఉద్యోగంలోకి వచ్చారో లేదో. 2012 బడ్జెట్‌లో స్టీమ్ కోల్‌కి బేసిక్ డ్యూటీ తీసేసి సీవీడీ (దాని పైన వేసే అదనపు డ్యూటీ) 1 శాతం చేశారు. బిట్యుమినస్ కోల్‌కి మాత్రం బేసిక్ 5, సీవీడీ 6. ఇక చూస్కోండి, మన తూర్పు తీరం రేవులకి వచ్చిన ఓడల్లో ఎంత బొగ్గు స్టీమ్ కోల్ అయిపోయిందో. తప్పు అని నేను అనను, వ్యాపారంలో దాన్ని స్టీమ్ కోల్ అనే అంటారు. కానీ చాప్టర్ 27 సబ్ హెడింగ్ నోట్‌లో బిట్యుమినస్ అంటే ఏమిటో రాసి ఉంది: వోలటైల్ మ్యాటర్ 14 శాతం దాటాలి, కెలోరిఫిక్ వాల్యూ కిలోకి 5,833 కిలోకేలరీలు గానీ ఆ పైన గానీ ఉండాలి. ఆ అంకెలు ఎక్కడున్నాయి? లోడ్‌పోర్ట్ అనాలిసిస్ సర్టిఫికెట్‌లో, అంటే ఓడ ఎక్కించిన రేవులో చేసిన పరీక్ష కాగితంలో. అది ఎక్కడుంది? ఫైల్లోనే! ఓడ నిలబడితే డెమరేజి పడుతుందని తొందరలో వదిలేశాక, తర్వాత తీరిగ్గా సర్టిఫికెట్ పక్కన నోట్ పెట్టి చదివినప్పుడు గొడవ బయటికొచ్చింది. ఆ తర్వాత ఏడాది బడ్జెట్‌లో రెండు రకాలకీ 2 శాతం, 2 శాతం చేసి సమం చేశారు గానీ ఆ మధ్యలో వచ్చిన ఓడల మీద కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి.

అందుకే అంటున్నా, క్లాసిఫికేషన్ (సరుకుకి సరైన హెడింగ్ తేల్చడం) రాని ఆడిటర్‌కి ఎంత ట్రైనింగ్ ఇచ్చినా దండగే.

లెక్కలపిచ్చి

అటు వైపు నుంచి రాస్తున్నా. హైదరాబాద్ శివార్లలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, ఇంపోర్ట్స్ ఎక్కువ. ఆఫీసర్లకి ట్రైనింగ్ ఇస్తున్నారంటే సంతోషం, కానీ దయచేసి మొదటి పాఠం ఇది పెట్టండి: మీ సిస్టమ్‌లో ఉన్నది మమ్మల్ని అడగొద్దు.

మాకొకసారి ఆడిట్ వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను. లెటర్‌లో మూడేళ్ళ బిల్ ఆఫ్ ఎంట్రీలన్నీ జిరాక్స్ తీసి సంతకం పెట్టి ఇమ్మన్నారు. తొమ్మిది వందల పైచిలుకు. అవన్నీ ఐస్‌గేట్‌లో (కస్టమ్స్ ఆన్‌లైన్ పోర్టల్) మేము ఫైల్ చేసినవే, వాళ్ళ కంప్యూటర్లో ఉన్నవే. రెండు అట్టపెట్టెలు మోసుకెళ్ళి ఇచ్చాం. నాలుగు నెలల తర్వాత ఒక పాయింటు వచ్చింది, ఏదో షిప్‌మెంట్‌లో ఇన్సూరెన్స్ కలపలేదని. ఎఫ్‌వోబీ (ఓడ ఎక్కించే దాకా ఉన్న ధర) మీద 1.125 శాతం వేసి లెక్క కడితే డ్యూటీ రెండు వేల చిల్లర. వడ్డీతో కట్టేశాం. ఆ జిరాక్సుల ఖర్చే అంతకంటే ఎక్కువైంది.

అసలు మా లెడ్జర్ ఒక్కటి కూడా ఎవరూ తెరవమనలేదు. తెరిచి ఉంటే ఏం దొరికేదో నాకు తెలుసు, ఇప్పుడు చెప్పను 😄 (తర్వాత మేమే సరిచేసుకున్నాం, కంగారు పడకండి.)

పాతకుర్చీ

బ్యాగేజీబాబు గారూ, మీ సీనియర్ ఎవరో గానీ ఆయన కాళ్ళకి దండం పెట్టండి. మీకు రావాల్సిన ట్రైనింగ్‌లో సగం ఆ ఒక్క మాటలో వచ్చేసింది.

నేను సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను, ఆ తర్వాత కొన్నాళ్ళు గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు కూడా చెప్పాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి. మేము చేరిన రోజుల్లో ఆడిట్ అంటే కస్టమ్ హౌస్‌లోనే ఒక గది. అప్రైజర్ (డ్యూటీ తేల్చే ఆఫీసరు) అసెస్ చేసిన ప్రతి బిల్ ఆఫ్ ఎంట్రీ ఆ గదికి వచ్చేది, అక్కడొకాయన ఎర్ర ఇంకుతో కూడికలు సరిచూసేవాడు. సరుకు షెడ్డులో ఎండుతూ ఉండేది. 2005 నుంచి ఏది ఆపి చూడాలో కంప్యూటరే ఎంచే రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వచ్చింది, చాలా బిల్లులు అసెస్‌మెంట్ లేకుండా, పరీక్ష లేకుండా వెళ్ళిపోవడం మొదలైంది. 2011 ఏప్రిల్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్ వచ్చింది, అంటే డ్యూటీ ఎంతో లెక్క కట్టే బాధ్యత ఇంపోర్టర్‌దే అయింది. ఆ ఏడాదే ఆన్‌సైట్ ఆడిట్‌కి రెగ్యులేషన్లు తెచ్చారు. 2018లో చట్టంలోకి ఆడిట్ కోసమే 99ఏ సెక్షన్ పెట్టి, కస్టమ్స్ ఆడిట్ రెగ్యులేషన్స్ కొత్తగా రాశారు. డబ్ల్యూటీవో ట్రేడ్ ఫెసిలిటేషన్ ఒప్పందం 7వ ఆర్టికల్‌లో కూడా ఇదే ఉంది: సరుకు తొందరగా వదలండి, తనిఖీ తర్వాత చేసుకోండి అని. గేటు దగ్గర వదిలేసిన పని ఎక్కడికీ పోలేదు, మొత్తం వచ్చి మీ బల్ల మీద పడింది. పని మారింది గానీ మనిషి మారలేదు. ఎర్ర ఇంకు పట్టుకున్న చెయ్యే ఇప్పుడు మౌస్ పట్టుకుని అవే కూడికలు చూస్తోంది.

బిల్ ఆఫ్ ఎంట్రీలో ఏముంటుందో అది ఇంపోర్టర్ మీకు చెప్పదలుచుకున్నది. మీకు చెప్పనిది ఎక్కడ ఉంటుంది? ఇంకొకరికి చెప్పిన చోట ఉంటుంది. బ్యాంకుకి ఒకటి చెప్తాడు, ఇన్‌కంటాక్స్ వాళ్ళకి ఒకటి చెప్తాడు, జీఎస్టీకి ఒకటి, షేర్‌హోల్డర్లకి ఒకటి, విదేశీ మాతృసంస్థకి ఒకటి. అందరికీ అబద్ధం చెప్పడం ఏ కంపెనీకీ సాధ్యం కాదు, చాలామందికి ఆ ఉద్దేశం కూడా ఉండదు, ఒక డిపార్ట్‌మెంటుకి తెలిసింది ఇంకో డిపార్ట్‌మెంటుకి తెలియకపోవడమే ఎక్కువ. ఇంపోర్ట్ సెక్షన్ కుర్రాడికి కంపెనీ రాయల్టీ (టెక్నాలజీ, బ్రాండ్ వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు) కడుతోందనే తెలియదు. ఫైనాన్స్‌లో ఉన్నాయనకి రాయల్టీ కస్టమ్స్ వాల్యూలో, అంటే డ్యూటీ లెక్క కట్టే విలువలో, కలపాల్సి రావచ్చని తెలియదు. ఆ ఇద్దరి మధ్య ఖాళీలోనే ఆడిటర్ పని ఉంది.

నేను క్లాసులో మొదటి రోజు కస్టమ్స్ చట్టం తెరవనిచ్చేవాణ్ణి కాదు. ఒక కంపెనీ ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నిటి నిల్వల జాబితా) ఇచ్చేవాణ్ణి, పేరు కొట్టేసి. నాలుగు పేజీలు. "ఇందులో విదేశానికి వెళ్ళిన డబ్బు ఏఏ పేర్లతో ఉంది, గుర్తు పెట్టండి" అనేవాణ్ణి. గంట టైము. సరుకు కొన్న ఖాతా అందరూ పెట్టేవారు. రాయల్టీ, టెక్నికల్ ఫీజు సగం మంది. "టూలింగ్ అడ్వాన్సు", "డిజైన్ చార్జీలు", "గ్రూప్ మేనేజ్‌మెంట్ చార్జీలు", "వారంటీ రికవరీ" అనే ఖాతాల దగ్గరికి వచ్చేసరికి ముప్ఫై మందిలో ముగ్గురు. కస్టమ్స్ వాల్యుయేషన్ రూల్స్ 2007లో రూల్ 10 ప్రకారం వాల్యూలో కలపాల్సినవి ఇలాంటి ఖాతాల్లోనే దాక్కుని ఉండొచ్చు. మీరు పంపిన అచ్చులతో అవతలివాడు సరుకు తయారు చేసి, అచ్చు ఖరీదు వదిలేసి ఇన్వాయిస్ వేస్తే ఆ ధర పూర్తి ధర కాదు. ఇది స్లైడ్ మీద చూపిస్తే ఎవరికీ ఎక్కదు. ట్రయల్ బ్యాలెన్స్‌లో తన వేలితో తాను పట్టుకుంటే జన్మలో మర్చిపోరు.

బ్యాగేజీబాబు

సర్, దండం. కానీ నిజం ఒప్పుకుంటా, నేను బీఎస్సీ కెమిస్ట్రీ. డెబిట్, క్రెడిట్ అంటేనే టెన్షన్. నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? మా టీమ్‌లోనే జీఎస్టీ ఆడిట్ నుంచి వచ్చినావిడ ఉన్నారు, ఆవిడ బ్యాలెన్స్ షీట్ని పంచాంగం చదివినట్టు చదివేస్తారు. పక్కన కూర్చుంటే సిగ్గేస్తుంది.

ముద్రవేసినమ్మ

సీఏని, గుంటూరు. సిగ్గెందుకండీ, పక్కన కూర్చోండి, అదే ట్రైనింగ్. మీకు సరుకు తెలుసు, ఆవిడకి పుస్తకం తెలుసు. ఇద్దరినీ ఒక జట్టు చేసి పంపితే ఐదు రోజుల క్లాసు కంటే ఎక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, అకౌంటెన్సీ మొత్తం నేర్చుకోనక్కర్లేదు. నాలుగు కాగితాలు చదవడం వస్తే చాలు ముందు. ఒకటి, వార్షిక నివేదికలో రిలేటెడ్ పార్టీ నోట్: మాతృసంస్థతో, సోదర సంస్థలతో ఏమేం లావాదేవీలు జరిగాయో అక్కడ వరసగా రాస్తారు. రెండు, ఇన్‌కంటాక్స్ కోసం ఇచ్చే 3సీఈబీ ఫారం, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్‌ది, అంటే సంబంధం ఉన్న సంస్థల మధ్య ధరలది. మూడు, విదేశానికి డబ్బు పంపేటప్పుడు ఇచ్చే 15సీఏ, 15సీబీ. నాలుగోది మీ జీఎస్టీ ఆవిడకి కళ్ళు మూసుకున్నా కనబడుతుంది, జీఎస్టీ 3బి రిటర్న్‌లో రివర్స్ చార్జి (కొన్నవాళ్ళే కట్టే పన్ను) అంకె, 3.1(డి). విదేశానికి రాయల్టీ కట్టినవాళ్ళు దాని మీద ఐజీఎస్టీ అక్కడ చూపించి తీరాలి. అక్కడ అంకె ఉండి, బిల్ ఆఫ్ ఎంట్రీల్లో రాయల్టీ కాలమ్ ఖాళీగా ఉంటే అదొక ప్రశ్న. గుర్తు పెట్టుకోండి, ప్రశ్న మాత్రమే, డిమాండ్ కాదు.

అంకెలతో చెప్తే తేలిక. వాల్యూలో కలపాల్సిన రాయల్టీ 10 లక్షలు అనుకోండి. బేసిక్ 10 శాతం అంటే లక్ష. దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 10 శాతం, 10 వేలు. ఇప్పుడు 11 లక్షల 10 వేల మీద ఐజీఎస్టీ 18 శాతం, 1,99,800. మొత్తం 3,09,800. ఆలస్యానికి వడ్డీ ఏడాదికి 15 శాతం, అంటే 46,470. ఇది ఏడాదికి ఒక్క ఖాతాలో. బోర్డు మీద ఒకసారి వేయించండి, ఎందుకు వెతుకుతున్నామో అర్థమవుతుంది.

రేవుకాకి

అమ్మా, ఆ 3,09,800లో రెండు లక్షలు ఐజీఎస్టీ. అది మావాళ్ళకి క్రెడిట్‌గా తిరిగొచ్చేదే. రెవెన్యూ న్యూట్రల్ అని ప్రతి ఇంపోర్టరూ మొదట రాసే సమాధానం ఇదే, మేము టైపు చేసి ఉంచుకున్నాం కూడా. మిగిలేది లక్షా పది వేలు. దానికోసం ఇంత హంగామా అవసరమా అని అడుగుతారు.

పైగా మీరంతా వాల్యుయేషన్ మీద పడ్డారు, నేను క్లాసిఫికేషన్ అన్నది వదిలేశారు.

ముద్రవేసినమ్మ

అడగనివ్వండి. క్రెడిట్ వస్తుందా రాదా అన్నది వాళ్ళ జీఎస్టీ పరిస్థితిని బట్టి, అందరికీ రాదు. మినహాయింపు సరుకు తయారు చేసేవాళ్ళకి రాదు, హాస్పిటల్‌కి రాదు. సమాధానం టైపు చేసి ఉంచుకున్నారు సరే, ఎవరికి పంపుతున్నారో చూసి పంపండి 🙂

క్లాసిఫికేషన్ మాట ఒప్పుకుంటా. థీమ్ ఆడిట్లు (ఒకే అంశం మీద చాలామందిని కలిపి చూసేవి) ఎక్కువ దాని మీదే కదా. వైఫై యాక్సెస్ పాయింట్ల గొడవ తెలుసుగా, నోటిఫికేషన్‌లో "ఎంఐఎంఓ అండ్ ఎల్‌టీఈ" (రెండూ వైర్‌లెస్ టెక్నాలజీలు) ఉత్పత్తులకి డ్యూటీ మినహాయింపు లేదు అని ఉంటే, ఆ "అండ్" అంటే రెండూ ఉండాలా, ఏదో ఒకటి ఉంటే చాలా అని దేశం మొత్తం కొట్టుకున్నారు. అలాంటివి ఒక్క కంపెనీ ఫైలు చూస్తే కనబడవు, ఒకే సరుకు తెచ్చిన పది మందిని పక్కపక్కన పెడితే కనబడతాయి. థీమ్ ఆడిట్ వేరే నేర్పాలి, ట్రాన్సాక్షన్ ఆడిట్ వేరే, కంపెనీకి వెళ్ళి చేసే ప్రెమిసెస్ ఆడిట్ వేరే. మూడూ ఒకే గంటలో చెప్పేస్తున్నారు చాలా చోట్ల.

టెక్సాస్_తాటిముంజె

డాలస్ నుంచి. ఇక్కడ ఒక కంపెనీలో ట్రేడ్ కంప్లయన్స్ చూస్తా, మా మీద సీబీపీ (అమెరికా కస్టమ్స్) ఆడిట్ రెండుసార్లు జరిగింది. ఒక తేడా చెప్పాలి. ఇక్కడ ఆడిట్‌కి వచ్చేవాళ్ళు రేవులో పెట్టెలు తెరిచే ఆఫీసర్లు కారు. రెగ్యులేటరీ ఆడిటర్లు అని వేరే ఉద్యోగం, చేరడానికే అకౌంటింగ్ చదివి ఉండాలి. క్లాసిఫికేషన్ ప్రశ్న వస్తే ఇంపోర్ట్ స్పెషలిస్ట్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటారు. అంటే పైన మేడమ్ చెప్పిన జట్టు పద్ధతే, కాకపోతే ఇక్కడ అది ఉద్యోగ విభజనలోనే ఉంది.

రెండోది, ఫోకస్డ్ అసెస్‌మెంట్ అని పెద్ద ఆడిట్ చేసేటప్పుడు ముందు బిల్లులు అడగరు. మీ కంపెనీలో ఈ పని ఎలా జరుగుతుంది అని ప్రశ్నల పట్టిక పంపుతారు. హెచ్‌ఎస్ కోడ్ (టారిఫ్ హెడింగ్ నంబరు) ఎవరు నిర్ణయిస్తారు, ఆ మనిషి సెలవు పెడితే ఎవరు, సప్లయర్ ధర తర్వాత మారితే కస్టమ్స్‌కి ఎవరు చెప్తారు. దానికి మేము రాసిన సమాధానం నిజమో కాదో చూడటానికి కొన్ని శాంపిల్స్ తీస్తారు. పద్ధతి బాగుందని తేలితే అక్కడితో ఆపేస్తారు, బాగోలేని చోటే లోతుకి వెళ్తారు. మాకు మొదటిసారి "ఆ మనిషి సెలవు పెడితే ఎవరు" దగ్గరే దొరికిపోయాం, ఎవరూ లేరు 😂

ఇక్కడ 1993 చట్టంతో రీజనబుల్ కేర్ (తగిన జాగ్రత్త తీసుకునే బాధ్యత) అని ఇంపోర్టర్ మీద పెట్టారు, మీ సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి పెద్దన్నయ్య లాంటిది. అలాగని ఇక్కడ అంతా స్వర్గం అనుకోకండి, మొదటి లెటర్ నుంచి చివరి రిపోర్టు దాకా మా ప్రాణం ఏడాదిన్నర తిన్నారు.

లెక్కలపిచ్చి

తాటిముంజె అన్నా, ఆ ప్రశ్నల పట్టిక ఇక్కడ కూడా పెడితే మా ఎండీకి ఇంపోర్ట్ సెక్షన్ అనేది ఒకటుందని తెలుస్తుంది.

ఇంకో మాట. ఆఫీసర్లకి మాటతీరు కూడా నేర్పండి. చట్టం ప్రకారం కనీసం 15 రోజులు ముందు నోటీసు ఇచ్చి రావాలి ప్రెమిసెస్ ఆడిట్‌కి. మాకిచ్చారు, అది కాదు సమస్య. వచ్చి కూర్చున్న దగ్గర్నుంచి రైడ్‌కి వచ్చినట్టే ఉంటుంది. మా స్టోర్స్ కుర్రాణ్ణి "నిజం చెప్పు" అని అడిగారు. వాడు గేట్ పాసు తప్ప ఏమీ ఎరుగడు. భయపడి ఏదేదో చెప్పాడు, అదంతా రిపోర్టులోకి ఎక్కింది, దాన్ని సరిచేయడానికి మూడు లెటర్లు.

2025 ఫైనాన్స్ చట్టంతో కస్టమ్స్ చట్టంలోకి 18ఏ సెక్షన్ వచ్చింది కదా, క్లియరెన్స్ తర్వాత తప్పు తెలిస్తే మనమే ఎంట్రీ సవరించుకుని డ్యూటీ, వడ్డీ కట్టుకోవచ్చు. నవంబర్ 1, 2025 నుంచి రెగ్యులేషన్లు కూడా అమల్లోకి వచ్చాయి. కానీ ఆడిట్ మొదలైందని లెటర్ అందాక ఆ దారి మూసేశారు. అంటే ఇకనుంచి ఆడిట్ లెటర్ వస్తుందేమో అన్న భయంతోనే కంపెనీలు ముందు సర్దుకుంటాయి. మంచిదే. కానీ ఆడిటర్‌కి ఇక దొరికేవి తగ్గుతాయి, దొరకలేదని పైవాళ్ళు అడిగితే ఏం చేస్తాడు పాపం?

పాతకుర్చీ

అసలు మాట అదే. దొరకకపోతే ఏం చేయాలో ఎవరూ నేర్పరు.

బ్యాగేజీబాబు గారూ, మీరు గ్రీన్ ఛానెల్ నుంచి వచ్చారు. అక్కడ బంగారం దొరికితే పని చేసినట్టు, దొరక్కపోతే ఆ షిఫ్టు వృథా అయినట్టు. ఆ లెక్క ఇక్కడికి తేవద్దు. నేను తెచ్చాను, ఎలా బోల్తా పడ్డానో చెప్తా.

ఆడిట్‌కి వచ్చిన కొత్తలో ఒక కంపెనీ ఫైల్లో టెక్నికల్ అగ్రిమెంట్ కనబడింది. మొదటి పేజీలోనే "రాయల్టీ 4 శాతం" అని ఉంది. ఇంకేం, ఎగిరి గంతేశాను. మాతృసంస్థ నుంచే విడిభాగాలు కొంటున్నారు, మాతృసంస్థకే రాయల్టీ కడుతున్నారు. మొత్తం ఐదేళ్ళకి లెక్క కట్టి, దాచిపెట్టారని రాసి, 28(4) సెక్షన్ (దాచిపెడితే ఐదేళ్ళ వెనక్కి అడిగేది) కింద షోకాజ్ డ్రాఫ్ట్ చేసి పంపాను. నోటీసు వెళ్ళింది. పర్సనల్ హియరింగ్‌లో వాళ్ళ వకీలు ఏమీ వాదించలేదు, అగ్రిమెంట్ పద్నాలుగో పేజీ తెరిచి ఒక్క పేరా చదివాడు. రాయల్టీ లెక్క కట్టేది నికర అమ్మకం ధర మీద, అందులోంచి దిగుమతి చేసుకున్న విడిభాగాల ఖరీదు తీసేసి. విడిభాగాలు ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చని ఇంకో పేరా. కేసు అక్కడే పడిపోయింది. నేను పద్నాలుగో పేజీ దాకా వెళ్ళలేదు. పైగా ఆ అగ్రిమెంట్ వాళ్ళు అంతకు ముందే మన కస్టమ్స్‌లోనే స్పెషల్ వాల్యుయేషన్ బ్రాంచికి (సంబంధం ఉన్న సంస్థల మధ్య ధరలు చూసేది) ఇచ్చి ఉన్నారు, దాచిపెట్టడం ఎక్కడిది? ఆ కంపెనీవాళ్ళని రెండేళ్ళు తిప్పాను ఊరికే.

ఆ తర్వాత నుంచి క్లాసులో రెండు సుప్రీంకోర్టు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివించేవాణ్ణి. 2007లో మత్సుషిటా టెలివిజన్, అందులో రాయల్టీ కలపాలన్నారు. 2008లో ఫెరోడో ఇండియా, అందులో కలపక్కర్లేదన్నారు. రెండిట్లోనూ రాయల్టీ ఉంది, విదేశీ సంస్థ ఉంది, దిగుమతి ఉంది. తేడా ఎక్కడుంది? అగ్రిమెంట్లో. దిగుమతి సరుకుకీ రాయల్టీకీ లంకె ఉందా, ఆ సరుకు అమ్మడానికి రాయల్టీ కట్టడం షరతా. క్లాసుని రెండు జట్లు చేసి ఒకరిని డిపార్ట్‌మెంట్, ఒకరిని ఇంపోర్టర్ అనేవాణ్ణి, మధ్యాహ్నం భోజనం తర్వాత తారుమారు చేసేవాణ్ణి. పొద్దున నోటీసు రాసినవాడే సాయంత్రం దానికి జవాబు రాయాలి. ఆ రోజు నిద్రపోయేవాడు ఉండడు.

ఇంకా, ఏమీ దొరకని ఆడిట్‌కి కూడా ఏం చూశారో, ఏ శాంపిల్ ఎందుకు తీశారో, ఏ ఖాతా ఎందుకు వదిలారో వర్కింగ్ పేపర్ల మీద రాసి సంతకం పెట్టడం నేర్పాలి. రాసి పెట్టి ఉంటే రేపు సీఏజీ వాళ్ళు వచ్చి అడిగినా, పై ఆఫీసరు అడిగినా చూపించుకోవచ్చు. రాయనివాడే భయపడి పనికిరాని పాయింట్లు వేస్తాడు. రెండు వేల ఇన్సూరెన్స్ పాయింట్ ఎక్కడ పుట్టిందనుకున్నారు లెక్కలపిచ్చి గారూ? ఖాళీ రిపోర్టు పంపడానికి భయపడ్డవాడి బల్ల మీద.

అడ్మిన్_అరుగు

బాగా నడుస్తోంది. ఒక్క విన్నపం, ఎవరూ కంపెనీల పేర్లు, ఆఫీసర్ల పేర్లు, నడుస్తున్న కేసులు పెట్టొద్దు. ఇందాక ఒక పోస్ట్ తీసేశాను. కోర్టు తీర్పులు ఓకే.

రేవుకాకి

పాతకుర్చీ గారూ, మీలాంటివాళ్ళు చెప్పిన తప్పు విని గౌరవం పెరిగింది. అయితే మా బ్రోకర్ల వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. పోయినసారి ఏ హెడింగ్ పెట్టామో అదే కాపీ కొడతాం. ఇంపోర్టర్ కొత్త మోడల్ తెచ్చినా కేటలాగ్ అడగం. ఎఫ్‌టీఏ (దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) సర్టిఫికెట్ ఉంటే చాలు, కళ్ళకద్దుకుని డ్యూటీ తగ్గింపు క్లెయిమ్ చేస్తాం. 2020 సెప్టెంబర్ నుంచి కారోటార్ రూల్స్ వచ్చి, ఒరిజిన్ (సరుకు ఏ దేశంలో తయారైనట్టు లెక్క) ఎలా వచ్చిందో వివరాలు ఇంపోర్టర్ దగ్గరే ఉండాలన్నారు, ఫారం 1లో. నిజం చెప్పనా, చాలామంది దగ్గర ఆ ఫారం ఆడిట్ లెటర్ వచ్చిన రోజు రాత్రే పుడుతుంది. ట్రైనింగ్‌లో ఇది కూడా చెప్పండి: ఫారం అడగడం కాదు, ఫారంలో రాసిన తయారీ ప్రక్రియ గురించి రెండు ప్రశ్నలు అడగండి చాలు.

మా మీద నేనే గొయ్యి తవ్వుకుంటున్నా.

బ్యాగేజీబాబు

(ఐదు వారాల తర్వాత)

వచ్చేశా. ఆలస్యానికి క్షమించాలి. పాలసముద్రం గురించి ముందు. హైవే 44 పక్కన అంత పెద్ద క్యాంపస్, 2024 జనవరిలో ప్రారంభమైంది, ఇంకా కొత్త వాసన పోలేదు. లేపాక్షి దగ్గరే, ఆదివారం వెళ్ళి వేలాడే స్తంభం కింద అందరిలాగే నేనూ కండువా లాగాను. అక్కడ నార్కోటిక్స్, వన్యప్రాణి నేరాల స్టడీ సెంటర్లు ఉన్నాయి. పాత ప్రాణం అటే లాగింది గానీ మా క్లాసు లెడ్జర్ల వైపు.

మాకు నిజంగానే డమ్మీ కంపెనీ ఫైలు ఒకటిచ్చారు. పాతకుర్చీ సర్, మీరు చెప్పినంత గొప్పగా కాదు గానీ ట్రయల్ బ్యాలెన్స్ ఉంది, అగ్రిమెంట్ ఉంది, రెండు వందల బిల్లుల ఎక్సెల్ ఉంది. నా జట్టులో జీఎస్టీ ఆవిడే. ఆవిడ రివర్స్ చార్జి అంకె పట్టుకున్నారు. నేను ఎక్సెల్లో ఒక సప్లయర్ దగ్గర్నుంచి వచ్చిన పంపుల బరువు చూశాను. ధర అంతే, సంఖ్య అంతే, మార్చి తర్వాత బరువు ఒక్కసారిగా పెరిగింది. పెట్టె ఎత్తి చూసే అలవాటు ఎక్కడికి పోతుంది. అడిగితే, మోటారు బిగించిన మోడల్‌కి మారారని ఫైల్లో మెయిల్ ఉంది, ధర తేడా వేరే డెబిట్ నోట్‌లో వెళ్ళింది. ఫ్యాకల్టీ కావాలని పెట్టిన ఉచ్చుల్లో అది లేదట! వాళ్ళు తయారు చేసినప్పుడు ఏదో అంకె మారిపోయిందేమో అని మొదట అన్నారు, మెయిల్ చూపిస్తే నవ్వారు. ఫైలు అసలు కంపెనీదే, పేర్లు మార్చారు, అందుకే మెయిల్ మిగిలిపోయింది.

అగ్రిమెంట్ మాత్రం చివరి పేజీ దాకా చదివాను సర్. ఇరవై రెండు పేజీలు. ఆ కేసులో రాయల్టీ కలపక్కర్లేదని రాసి ఆ పాయింట్ మూసేశాం. మా జట్టుకి మార్కులు తగ్గాయి, ఎందుకంటే జవాబు సరైనదే గానీ ఎందుకు మూశామో సగం పేజీలో రాశాం, రెండు పేజీలు రాయాలట.

నిన్న ఆ మెషినరీ పార్టుల కంపెనీకి మళ్ళీ వెళ్ళాను. బిల్ ఆఫ్ ఎంట్రీ అడగలేదు. ట్రయల్ బ్యాలెన్స్ ఇవ్వండి అన్నాను. వాళ్ళ అకౌంటెంట్ ముఖం ఎలా మారిందో చూడాల్సింది, ఎయిర్‌పోర్టులో "ఆ బ్యాగు ఇటు పెట్టండి" అన్నప్పుడు చూసిన ముఖమే. తీరా చూస్తే ఆయన భయం ట్రయల్ బ్యాలెన్స్ ఇంకా టాలీ కాలేదని, అంతే. సోమవారం రమ్మన్నారు.

లెక్కలపిచ్చి

సోమవారం అన్నాడంటే బుధవారం వెళ్ళండి. మా బాధ మీకు తెలియదు.

ముద్రవేసినమ్మ

బరువు కాలమ్ సంగతి నా జూనియర్లకి చెప్పాను. మేమెవరం ఆ కాలమ్ చూడం అసలు. ఆ ఎక్సెల్ పద్ధతి, అంటే సప్లయర్ వారీగా యూనిట్‌కి బరువు ఎలా తీశారో, కొంచెం వివరంగా వేరే పోస్ట్ రాయగలరా?

రేవుకాకి

రాయొద్దు బాబూ, మా ఇంపోర్టర్లు కూడా ఇక్కడే చదువుతున్నారు.